రెండు కొండల నవల

నేను ఒక డిటెక్టివ్ నవలను. వానకు దారి తెగిపోయిన కొండ బంగ్లాలో ఎనిమిది మంది చిక్కుకోవడం, ఒక్కొక్కరే చచ్చిపోవడం, చంపేవాడు ఆ మిగిలినవాళ్ళలోనే ఉండటం, ఇదీ నా కథ. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సులో, వేలికి సిరా అంటుకునే చౌక కాగితం మీద నన్ను అచ్చేశారు. నర్సీపట్నంలో అద్దె పుస్తకాల కొట్లో నాలుగేళ్ళు ఉన్నాను. నన్ను తీసుకెళ్ళినవాళ్ళు బస్సుల్లో, పెళ్ళి విడిదుల్లో పదిమంది మధ్య కూర్చుని భయపడేవారు. భయపడటానికి కూడా మనుషులకు పక్కన తోడు కావాలి కాబోలు అనుకునేదాన్ని.

ఒక జూన్‌లో దాలినాయుడు నన్ను కొనుక్కుని సంచిలో వేసుకుని వెళ్ళాడు. చింతపల్లి అడవిలో ఒక కొండ కొన మీద వైర్‌లెస్ స్టేషన్‌కి అతను ఆపరేటరు. ఒక గది, ఒక యంత్రం, అతను. పదిహేను రోజులకోసారి సరుకులు మోసుకొచ్చే మనిషి తప్ప ఇంకో ముఖం కనపడదు. వానలు పట్టాక ఆ మనిషీ రావడం మానేశాడు.

గంటగంటకూ ఎదుటి కొండ మీది స్టేషన్‌ని పిలిచి "అంతా క్షేమం" అనడం అతని పని. అక్కడ జోగారావు అనే ఆపరేటరు ఉండేవాడు. అతనూ ఒంటరే. రెండేళ్ళుగా ఒకరి గొంతు ఒకరికి తెలుసు గాని ముఖాలు తెలియవు. ఒక మధ్యాహ్నం దాలినాయుడు, రూలు కాదని తెలిసీ, మైకు ముందు నన్ను తెరిచి ఒక పేజీ చదివాడు. మర్నాడు జోగారావే అడిగాడు, తరవాత ఏమైందని. అలా రోజుకు మూడు పేజీలు.

"ఆళ్ళు ఎనిమిది మందుండి భయపడతన్నారేటండీ నాయుడుగారూ" అన్నాడు జోగారావు ఒకరోజు. "మన తలుపు ఒక్కడైనా కొడితే బాగుణ్ణు."

"హంతకుడైనా పర్లేదా?"

"టీ ఇచ్చి కూకోబెడతాను."

దాలినాయుడు నవ్వలేదు. నాలో ప్రతి అడుగుల చప్పుడుకీ అతని కళ్ళు ఎందుకు మెరిసేవో అప్పుడు తెలిసింది. ఎవరో వస్తున్నారన్నమాటే అతనికి చాలు.

నూట పన్నెండో పేజీలో, డాక్టరు గది గడియ దానంతటదే కదులుతుండగా ఆపారు. ఆ సాయంత్రమే దాలినాయుడికి జ్వరం తగిలింది. చెబితే పనికిరానివాడనుకుంటారని, మూడు రోజులు యంత్రం దాకా పాక్కుంటూ వెళ్ళి "అంతా క్షేమం" అంటూనే ఉన్నాడు.

తలుపు తీసిందెవరని జోగారావు రోజూ అడిగాడు. రేపు చదువుతానని రోజూ అదే జవాబు. మూడోరోజు జోగారావు కింది ఆఫీసుకు చెప్పాడు, ఆ మనిషికి బాగోలేదని. అంతా క్షేమమనే రాసి ఉంది కదా అన్నారు వాళ్ళు.

"క్షేమంగా ఉన్నోడు అక్కడ కథ ఆపడండీ" అన్నాడు జోగారావు. వాళ్ళు వినలేదు. తన స్టేషన్‌కి తాళం వేసి, లోయ దిగి, ఊళ్ళో నలుగురిని బతిమాలి, డోలీతో మర్నాడు మధ్యాహ్నానికి మా తలుపు తట్టాడు. దాలినాయుడు ఆ ముఖాన్ని పోల్చుకోలేదు. "నేనండీ" అన్నాక గొంతును పోల్చుకుని, అతని చెయ్యి పట్టుకుని వదలలేదు. డోలీలో అతని పక్కన నన్నూ పెట్టారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే దక్కేవాడు కాడన్నారు ఆసుపత్రిలో.

జ్వరం దిగాక దాలినాయుడి మంచం పక్కన స్టూలు మీద జోగారావు కూర్చున్నాడు. అంతకాలం మాట్లాడుకున్నవాళ్ళకి ఎదురెదురుగా మాట పెగల్లేదు. వాన సంగతి అయిపోయింది, కూర సంగతి అయిపోయింది. చివరికి దాలినాయుడు గోడవైపు తిరిగి పడుకుని నన్ను తెరిచి, ఆపిన చోటునుంచి చదివాడు. జోగారావు కళ్ళు మూసుకున్నాడు. ఆఖరి పేజీ దాకా అలాగే సాగింది.

మీరు ఉంచుకోండంటే మీరే ఉంచుకోండని ఇద్దరూ మొహమాటపడి నన్ను ఆసుపత్రి కిటికీలో వదిలి వెళ్ళారు. స్టేషన్ వదిలి వచ్చినందుకు జోగారావును సముద్రం పక్క ఊరికి బదిలీ చేశారు.

నెల తరవాత దాలినాయుడు మందుల కోసం వచ్చాడు. ఎదుటి కొండకి కొత్త మనిషి వచ్చాడని, క్షేమం తప్ప ఇంకో ముక్క మాట్లాడడని నర్సుతో చెప్పాడు. నన్ను చూసి, చేతిలోకి తీసుకుని, కాసేపు అట్ట తుడిచాడు. కావాలంటే తీసుకెళ్ళమంది నర్సు.

"ఇది ఒక్కడూ సదూకునే పుస్తకం కాదమ్మా" అన్నాడు.

నన్ను ఎండ పడనివైపుకు జరిపి, మందుల పొట్లం జేబులో పెట్టుకుని, కొండ దారి పట్టాడు.