తుడవని బోర్డు

"సొంతంగా ఒక క్లాసే లేదు, నీకు శిక్షణ ఎందుకే?" బీన్స్ ఈనెలు తీస్తున్న కోడలితో అత్త అంది.

"ఏ టీచరుకైనా జ్వరమొస్తేనే కదా బళ్ళో నిన్ను పిలిచేది. జ్వరాలకి కూడా ట్రైనింగా?" పేపరు వెనక నుంచి భర్త నవ్వాడు.

చెడ్డ నవ్వు కాదు. అయినా ఎక్కడో గుచ్చుకుంది. కూర దించి, గట్టు తుడిచి, ఆ ఆదివారం శిక్షణకి ఆలస్యంగానే వెళ్ళింది.

అక్కడ అందరూ ఆమెలాంటివాళ్ళే. తమదంటూ తరగతి గది లేనివాళ్ళు, సంచిలో బడి మోసేవాళ్ళు. ఒకరు పాఠం చెప్పాలి, మిగతావాళ్ళు పిల్లల్లా కూర్చోవాలి. ఆమె భిన్నాలు చెప్పింది. బాగా చెప్పింది. గంట కొట్టగానే చెయ్యి దానంతట అదే డస్టరు అందుకుంది. బోర్డంతా తుడిచేసింది.

"ఎందుకమ్మా తుడిచేశావు?" శిక్షణ ఇచ్చే పెద్దావిడ అడిగింది.

"అసలు టీచరు వచ్చేసరికి ముందెలా ఉందో అలాగే ఉండాలి కదండీ."

"అప్పుడు ఆవిడ మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి. నీ కష్టం గాలికి పోయినట్టే. వదిలెయ్. తరవాత వచ్చేవాళ్ళు అక్కడినుంచి అందుకుంటారు."

బస్సులో కూర్చున్నా ఆ మాట ఆమెను వదల్లేదు. ఇంట్లోనూ అంతే కదా. గిన్నెలు కడిగి బోర్లిస్తుంది, గట్టు మెరిపిస్తుంది. రోజంతా చేసిన పని కనబడకుండా తనే తుడిచేస్తుంది. చూసినవాళ్ళకి ఏమీ జరగనట్టే ఉంటుంది. "పొద్దస్తమానం ఏం చేస్తావు?" అని ఆయన అడిగితే తప్పు ఆయనొక్కడిదేనా అనుకుంది. ఎక్కువ వంతు ఆయనదేలే అని మళ్ళీ అనుకుని, కిటికీలోంచి బయటికి చూసి నవ్వుకుంది.

ఆ వారం నాలుగో తరగతికి పిలిచారు. వచ్చేటప్పుడు బోర్డు తుడవలేదు. చేతులు మాత్రం దురద పెట్టాయి. మర్నాడు ఇంకో క్లాసుకి వెళ్తుంటే ఆ నాలుగో తరగతి టీచరు వరండాలో ఎదురైంది.

"మీ లెక్క దగ్గర్నుంచే మొదలెట్టానండీ. పిల్లలు తుడవనిస్తేగా! బదులు టీచరుది, బదులు టీచరుది అని ఒకటే గోల."

ఆ రోజంతా ఆమె కాళ్ళు నేలమీద లేవు.

మళ్ళీ ఆదివారం వచ్చింది. బీన్స్ సగం తరిగి, గడియారం చూసి, కత్తి పక్కన పెట్టి చెప్పులేసుకుంది.

"ఇదేంటే, సగంలో వదిలేశావు?" భర్త పేపరు దించాడు.

"అక్కడినుంచి అందుకోండి."

ఆమె గేటు వేస్తుండగా లోపల కత్తి చప్పుడు మొదలైంది, ఆగుతూ, తడబడుతూ. వెనకే అత్త గొంతు.

"అంతంత ముక్కలేంట్రా! సన్నగా తరుగు. అదెలా తరిగిందో చూడు!"