గ్వెనోలా కోరుకున్న ఈత

గ్వెనోలాకు నాలుగు రకాల ఈతలూ వచ్చు. అందుకే తన ఊరు లోరియాంలోని ఈత క్లబ్బులో ఎవరు రాకపోయినా, నలుగురు తలో రకం ఈత ఈదే రిలేలో వాళ్ల చోటు ఆమెదే అయ్యేది. ఫ్రాన్స్ జట్టులోకీ అలాగే వెళ్లింది, పతకాలూ తెచ్చుకుంది. ఏది ఇచ్చినా ఈదుతుందని పత్రికలు మెచ్చుకున్నప్పుడల్లా, తనకంటూ ఒక ఈత లేదేమోనని ఆమెకు దిగులు పుట్టేది.

ఆమె ఈదబోయే ఆఖరి పోటీ సొంత ఊళ్లోనే పడింది. రిలేకి ముందు కోచ్ జోసియాన్ వచ్చి, "ఈసారి అందరూ ఉన్నారు. నీకేది కావాలో నువ్వే చెప్పు," అంది.

గ్వెనోలాను ఆ మాట అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

"బ్యాక్‌స్ట్రోక్," అంది ఆమె.

"అందులోనే కదే నువ్వు నత్తవి!"

"తెలుసు. నాన్న సముద్రంలో నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద చెయ్యి పెట్టి మొదట నేర్పింది అదే."

జోసియాన్ నిట్టూర్చింది. "సరే, పో. వెనకబడితే మిగతావాళ్లు లాక్కొస్తారులే."

మొదటి వంతు గ్వెనోలాదే. పైకప్పు అద్దాల మీద వాన జారుతుంటే చూస్తూ తీరుబడిగా, హాయిగా ఈదింది. బాగా వెనకబడింది. మిగతా ముగ్గురూ ఎంత పెనుగులాడినా జట్టు నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది.

"ఓడిపోయి కూడా ఆ నవ్వేంటే?" అని జట్టులోని మాయివెన్ తువ్వాలు విసిరింది.

"ఇవాళ ఎవరి బదులూ ఈదలేదే," అంది గ్వెనోలా, జుట్టు తుడుచుకుంటూ.