చెప్పింది చెప్పినట్టే

మా విశ్వవిద్యాలయం సేవా సంఘంలో నేను చేరింది సేవ చెయ్యడానికి కాదు. ఒక మనిషిని దగ్గర నుంచి చూసి, సమయం చిక్కినప్పుడు దెబ్బ కొట్టడానికి. చేరేటప్పుడు "ఎందుకు చేరాలనుకుంటున్నావు చెల్లెమ్మా?" అని అడిగితే, "సమాజానికి నా వంతుగా ఏదైనా చేద్దామని" అంటూ కళ్ళు దించుకున్నాను. అడిగినవాడు తెగ సంతోషించాడు. నేను దెబ్బ కొట్టాలనుకున్న మనిషి అతనే.

అతను సంఘానికి అధ్యక్షుడు. అందరూ అన్నా అని పిలిచేవారు. నేనూ నోటితో అన్నా అనే అనేదాన్ని. మనసులో మాత్రం చిరునవ్వుగారు అని పేరు పెట్టుకున్నాను. ఆ నవ్వు నిద్రలో కూడా మొహం మీద అతికించే ఉంటుందని నా అనుమానం.

అతను మా అక్కకు చేసిందేమిటో ముందు చెప్పాలి. అక్కకు పుట్టుకతోనే చూపు లేదు. చరిత్రలో ఎమ్మే చదువుతోంది. చూపు లేనివాళ్ళకు పరీక్షల్లో పక్కన ఒక మనిషి కూర్చుని ప్రశ్నలు చదివి వినిపిస్తారు, వాళ్ళు చెప్పిన జవాబులు రాస్తారు. స్క్రైబ్ అంటారు. ఇంట్లోవాళ్ళు రాయకూడదు, అదే సబ్జెక్టు చదివేవాళ్ళు రాయకూడదు, చదువులో కింది తరగతివాళ్ళే రాయాలి. అలాంటివాళ్ళను వెతికి పంపడం సంఘం పని. నిరుడు అక్క ఆఖరి పరీక్షకు తనే రాస్తానని చిరునవ్వుగారు మాట ఇచ్చాడు. ఆ రోజు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. అక్క తనకిచ్చిన గదిలో ప్రశ్నపత్రం చేతిలో పట్టుకుని కూర్చుంది. కాపలా ఉన్న మేడం పాపం గుమ్మంలోకీ లోపలికీ కాలు గాలిన పిల్లిలా తిరిగింది. గంట కొట్టాక అక్క తెల్లకాగితాలు అప్పజెప్పి, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఏమీ తెలియని నేను ఎదురెళ్ళి "ఎలా రాశావే?" అని నవ్వుతూ అడిగాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున అక్కకు పేపరు చదివి వినిపిస్తున్నాను. లోపలి పేజీలో చిరునవ్వుగారి ఫోటో వచ్చింది. నిన్న, సరిగ్గా అక్క పరీక్ష జరుగుతున్న వేళకు, వృద్ధాశ్రమంలో ఒక ముసలావిడకు దుప్పటి కప్పుతున్నాడు. చదవడం ఆపేశాను.

"ఏంటే, ఆగావు?" అంది అక్క.

చదివేశాను. అక్క "తర్వాతి వార్త చదువు" అంది. ఆ పరీక్ష మళ్ళీ ఏడాదికి గాని పెట్టరు. అక్కకు ఖాయమైన టీచరు ఉద్యోగం అంతకాలం ఆగుతుందా, వేరేవాళ్ళకు పోయింది. ఆ ఫోటో పుణ్యమా అని అతనికి అధ్యక్ష పదవి వచ్చింది. డిగ్రీలో సీటు రాగానే నేను చేసిన మొదటి పని సంఘంలో పేరు రాయించుకోవడం.

అక్కడ నేను అనుకోనిది ఒకటి జరిగింది. నాకు స్నేహితురాలు దొరికింది. అందరి మీదా పెత్తనం చేస్తుందని ఆ పిల్లను మేనత్త అనేవారు. ఎవరు టిఫిన్ తినకుండా వచ్చారో, ఎవరి చెప్పు తెగిందో అన్నీ తనకే కావాలి. "సేవ చేసే మొహమేనా అది? ఎవరినో కొరకడానికి వచ్చినట్టున్నావు" అని చేరిన వారంలోనే నన్ను పట్టేసింది. ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెడుతూ తనకు అంతా చెప్పేశాను. విని, మడత ఆపకుండానే, "ఈసారి మీ అక్కకు నేను రాస్తాను. ఎవడొచ్చి ఆపుతాడో చూస్తా" అంది. అన్నట్టే అక్క పరీక్షకు గంట ముందే వచ్చి కూర్చుంది. అక్క ఒక జవాబు చెప్పి, కాదని మళ్ళీ మొదటి నుంచి చెప్పినా విసుక్కోలేదట. అక్క ఇంటికొచ్చి "ఆ పిల్ల చేతులు చెమటపట్టాయే, నాకన్నా దానికే భయం" అని నవ్వింది.

ఆ ఏడాదంతా మేము చెయ్యని పని లేదు. గోడలకు సున్నం వేశాం, పిల్లలకు ఎక్కాలు చెప్పాం, మురికి కాలవలో దిగాం. చిరునవ్వుగారు కాలవ గట్టు మీద నిలబడి మమ్మల్ని ఉత్సాహపరిచేవాడు. ఫోటో తీసేవాడు రాగానే మోకాళ్ళ దాకా దిగేవాడు, ఫోటో అవగానే ఎక్కేవాడు. మొక్కలు నాటే రోజైతే మరీ వింత. నిరుటి గుంతల్లోనే మళ్ళీ నాటడం. నిరుటివి నీళ్ళు లేక చచ్చాయి కాబట్టి గుంతలు సిద్ధంగా ఉన్నాయి. నేను చదివేది వృక్షశాస్త్రం. ఆ ఎండుపుల్లలు పీకుతుంటే పళ్ళు పటపటా కొరికాను. మేనత్త, నేను వంతులు వేసుకుని నీళ్ళు పోశాం. మా మొక్కలు బతికాయి. వాటి పక్కన నిలబడి కూడా అతనే ఫోటో దిగాడు.

ఇంత జరుగుతున్నా నాకు సమయం చిక్కలేదు. దాన్ని అతనే తెచ్చిపెట్టాడు. బడి గోడకు రంగులు వేసే రోజు, పెయింటరు వద్దు వద్దంటున్నా వినకుండా, కుంచె పట్టుకుని నిచ్చెన చివరికంటా ఎక్కాడు, ఫోటోలో ఎత్తుగా కనిపించాలని. ఎక్కినవాడు ఎక్కినట్టే కిందికొచ్చాడు. నిచ్చెన పట్టుకున్నది నేను కాదు, ముందే చెబుతున్నాను. కుడి చెయ్యి విరిగింది. ఎదురుగా డిగ్రీ ఆఖరి పరీక్షలు, అవి పాసయితే చేరడానికి సిద్ధంగా ఒక ఉద్యోగం. ఇప్పుడు అతనికే స్క్రైబ్ కావాలి.

సంఘంలో అతని కన్నా కిందితరగతి, అతని కామర్స్ కానిది, రాత బాగున్నది నేనొక్కదాన్నే తేలాను. "నువ్వుండగా నాకేం భయం చెల్లెమ్మా" అన్నాడు కట్టు కట్టిన చెయ్యి గుండెకు ఆనించుకుని. పరీక్షల విభాగంలో నా పేరే రాయించారు.

"వెళ్ళను. అక్క కూర్చున్నట్టే వాడూ ఖాళీ కాగితాలతో కూర్చుంటాడు" అన్నాను మేనత్తతో. సంతోషంతో నాకు అన్నం కూడా సహించలేదు.

మేనత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఏడాదంతా నా పక్కన నిలబడి నేర్చుకున్నది ఇదా? నువ్వు ఎగ్గొడితే నేను మళ్ళీ నీ మొహం చూడను. అంతే."

దాని మాట మీద నాకు గౌరవం కన్నా భయం ఎక్కువ. సరే, వెళ్ళాను.

లేబొరేటరీ వెనక విరిగిన కుర్చీలు పడేసే గదిలో మాకు చోటిచ్చారు. ఒక మేడం కాపలా. ప్రశ్నపత్రం రాగానే చిరునవ్వుగారు మొదటి జవాబుకు రెండు వాక్యాలు చెప్పాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఇక్కడి నుంచి మామూలే, నువ్వే ఏదో ఒకటి నింపెయ్" అన్నాడు.

నేను గుండ్రటి అక్షరాలతో రాశాను: ఇక్కడి నుంచి మామూలే, నువ్వే ఏదో ఒకటి నింపెయ్.

అతను వంగి చూశాడు. మొదటిసారి ఆ మొహం మీద నవ్వు లేదు. "ఏంటిది?" అన్నాడు.

"మీరు చెప్పిందే అన్నా."

"అది కొట్టెయ్."

కొట్టేశాను. కలం పట్టుకుని కూర్చున్నాను. అతను నీళ్ళు నమిలాడు, నేను ఎదురుచూశాను. "కొంచెం సాయం చెయ్యి తల్లీ" అన్నాడు. అది కూడా రాయబోతుంటే గబుక్కున ఎడమచేత్తో కాగితం మూశాడు. మేడం లేచి వచ్చింది. "అమ్మాయి చేసేది కరెక్టే బాబూ. నువ్వు చెప్పిందే రాయాలి. రూలు అదే" అంది. ఆవిడ కాళ్ళకు మొక్కాలనిపించింది నాకు. గంట కొట్టేసరికి కాగితాల్లో సగానికి పైగా ఖాళీ.

ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళాను. అక్క మంచం మీద కూర్చుని బట్టలు సర్దుకుంటోంది. జరిగిందంతా అభినయించి మరీ చెప్పాను. అక్క పొట్ట పట్టుకుని నవ్వింది, మళ్ళీ చెప్పమంది, మళ్ళీ నవ్వింది. ఏడాదిగా ఈ నవ్వు కోసమే కదా నేను పడిగాపులు పడింది అనుకున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వెవరో అతనికి తెలుసా?"

"తెలీదు. చెబితే నన్ను మార్చేసేవాడు."

"అయితే ఇవాళ అతనేమనుకుంటాడు? చాదస్తపు పిల్ల దొరికింది, నా ఖర్మ అనుకుంటాడు. అంతేనా?"

అక్క సర్దిన బట్టలే నేను మళ్ళీ మడతపెట్టసాగాను.

"దెబ్బ ఎందుకు తగిలిందో తెలియకపోతే అది నా దెబ్బ ఎలా అవుతుందే? పోయింది నా ఏడాది. నీది కాదు." అప్పుడు ఏడవని మనిషి ఇప్పుడు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని, "ఇంకో పరీక్ష ఉందన్నావుగా. నేనూ వస్తాను" అంది.

తర్వాతి పరీక్షకు అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను. చిరునవ్వుగారు గది బయట పుస్తకం తిరగేస్తున్నాడు. ఈసారి బాగా చదివి వచ్చాడని చూస్తేనే తెలుస్తోంది, కళ్ళు లోపలికి పోయాయి. అక్క నా భుజం వదిలి అతని ముందు నిలబడింది.

"నమస్తే అండీ. నిరుడు చరిత్ర పరీక్షకు నాకు రాస్తానని మీరు రాలేదు. గుర్తున్నానా?"

అతను అక్కను చూశాడు, నన్ను చూశాడు. "అది... ఆ రోజు... చాలా అర్జెంటు..."

"దుప్పట్లు. పేపర్లో చదివింది మా చెల్లి. ఇదిగో, ఇదే మా చెల్లి. మీకు రాస్తున్న పిల్ల." అక్క గొంతు పెంచలేదు. "భయపడకండి. మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తుంది. నేను మాట తీసుకున్నాను."

నిజంగానే తీసుకుంది. రిక్షా దిగుతూ నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని మరీ ఒట్టు వేయించుకుంది. అది అతనికి తెలియదు. తెలిసినా నమ్మేవాడు కాదు. అతను మేడం దగ్గరికి పరుగెత్తి మనిషిని మార్చమన్నాడు. ఇప్పటికిప్పుడు కుదరదు, పైనుంచి అనుమతి కావాలంది ఆవిడ. గంట కొట్టారు.

మొదటి ప్రశ్నకు జవాబు అతనికి వచ్చు. చక్కగా చెప్పాడు. నేను అంతకన్నా చక్కగా రాశాను. ఒక్క 'కాదు' మింగేస్తే ఆ జవాబంతా తలకిందులయ్యేది, నా కలానికి ఆ దురద పుట్టలేదని అనను. రాశాను. వాక్యం ముగియగానే అతను వంగి చదువుకున్నాడు. సరిగ్గానే ఉంది. రెండో వాక్యానికీ వంగాడు. సరిగ్గానే ఉంది. "ఆ అంకె మళ్ళీ చూపించు" అన్నాడు. చూపించాను. "పైన ఏం రాశావు?" అన్నాడు. చదివి వినిపించాను. నమ్మక తనే మళ్ళీ చదువుకున్నాడు. చెప్పబోయేది మరిచిపోయి తల కొట్టుకున్నాడు. వచ్చిన జవాబులే మెదడులో వరసలో నిలబడి ఉన్నాయి, పాపం, వాటిని బయటికి వదలడానికి అతనికి ధైర్యం చాలలేదు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాకు జాలి వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. నేను ఆ చెమటను కళ్ళారా చూశాను.

మేడం కాగితాలు అడిగేసరికి ఇంకా సగం ప్రశ్నలు ముట్టుకోలేదు. అతను కాగితాలు ఎడమచేత్తో పట్టుకుని వదలకుండా ఆఖరిసారి మొదటి నుంచీ తిరగేశాడు.

"నువ్వు... అన్నీ కరెక్టుగానే రాశావు" అన్నాడు.

"అవునన్నా. మీకు కళ్ళున్నాయి కాబట్టి చూసుకున్నారు. మా అక్క ఇన్నేళ్ళూ పక్కనున్న మనిషిని నమ్మి రాసింది."

మేడం అతని చేతిలోంచి కాగితాలు లాక్కుంది. బయట బెంచీ మీద అక్క పక్కన మేనత్త కూర్చుని, పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా లేదా అని అక్కను నిలదీస్తోంది.