రైలుకు చదివింపులు

పొద్దున ఏడు కాకముందే కృపాకుమారి టిఫిన్ డబ్బాతో వంకగడ్డ కాలనీ మలుపులో నిలబడుతుంది. షేర్ ఆటో నిండితేగాని కదలదు. కదిలిందనుకుంటే రైల్వే గేటు దగ్గర ఆగుతుంది. గుత్తి రోడ్డులోని బట్టల ఫ్యాక్టరీలో ఆలస్యానికి ఆమెకు ఇప్పటికే రెండు నోటీసులిచ్చారు. సోమవారం కూడా ఆలస్యమైతే పనిలోంచి తీసేస్తామన్నారు.

లోకల్ రైలుంటే పావుగంట ప్రయాణం. టౌను నుంచి ఫ్యాక్టరీ మీదుగా వంక అవతలి గట్టు దాకా పట్టాలు వేశారు. రైలుపెట్టెలు కొని షెడ్డులో పెట్టారు. అక్కడితో దుడ్లు అయిపోయి మూడేళ్లయింది. పై ప్రభుత్వం సగమిస్తే కింది ప్రభుత్వం సగమిస్తుందట, కిందివాళ్లు ఇచ్చాకే పైవాళ్లు ఇస్తారట. అప్పిస్తామన్న బ్యాంకు టికెట్టు అరవై రూపాయలు పెట్టమంది. ఆటోకే ఇరవై! స్టేషను పేరు చెప్పి వేరుశనగ చేలను సైట్లుగా అమ్ముకున్న ప్రతాప్‌ను, పెరిగిన ధరలో కొంత కట్టమంటే కోర్టుకు పోయి స్టే తెచ్చాడు. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా? ఫ్యాక్టరీ సైరన్ మాత్రం ఎనిమిదిన్నరకు మోగుతూనే ఉంది.

ఆదివారం కాలనీలో గంగక్క కూతురు పెళ్లి. చదివింపులు చదివేది గంగాధరప్ప. ఆయన మైకులో ఏది చదివితే అది అక్కడికక్కడే చేరిపోతుంది. తరువాత తోలుకొస్తానని ఎవరో పాడిగేదెను చదివిస్తే, పేరు ముగిసేలోగా గేదె పందిట్లో నిలబడి మేత వెతుక్కుంది. అందుకే ఆ కాలనీలో ఎవరూ నోటికొచ్చింది చదివించరు.

కృపాకుమారి మైకు దగ్గరికి వచ్చింది. "అన్నా, నాది ఒక దినం కూలి. రైలుకు సదువు."

గంగాధరప్ప గంగక్క వైపు చూశాడు. "సదువప్పా, నా కూతురూ ఆ ఫ్యాక్టరీకే పోవల్ల కదా" అంది గంగక్క.

ఆయన చదివాడు. వంక దగ్గర మూరెడు పట్టా పెరిగింది. పిల్లలు చూసొచ్చి చెప్పారు. ఇంకో పదిమంది చదివించారు. పది మూరలు పెరిగింది. ఇంకా రెండు కిలోమీటర్లు కావాలి. కృపాకుమారికి ఏడుపొచ్చింది.

అప్పుడు ప్రతాప్ లేచాడు. "పెండ్లికూతురికి ఐదు వేలు."

"కూలికి పోయేది దినం కూలి ఇచ్చె" అంది గంగక్క. "రైలు పేరు సెప్పి సైట్లు అమ్మినోనివి, రైలుకు ఏమిస్తావప్పా?"

పంక్తిలో తింటున్నవాళ్లు కూడా చెయ్యి ఆపి చూశారు. వచ్చే ఎన్నికల్లో వార్డుకు నిలబడాలనుకుంటున్న మనిషి. కూలికి పోయే ఆడమనిషి దినం సంపాదనంతా ఇచ్చిన చోట తాను చిల్లర విదిలిస్తే తలెత్తుకుని తిరగలేడు.

"రైలు వల్ల పెరిగిన రేటులో సగం" అన్నాడు ప్రతాప్ చెమట తుడుచుకుంటూ.

"ఒగసారి సదివితే ఎనక్కి రాదన్నా" అన్నాడు గంగాధరప్ప.

"సదువప్పా, సతాయించొద్దు."

జనం చేతులు కడుక్కునేలోగా వంక మీద వంతెన, కాలనీ దాకా పట్టాలు, తాడిపత్రి బండలు పరిచిన ప్లాట్‌ఫారం, దాని పక్కన షెడ్డులోని రైలుపెట్టెలు వచ్చేశాయి. సాయంత్రం ఒక రైల్వే అధికారి వచ్చి, దీన్ని ఏ పద్దు కింద రాయాలని విసుక్కున్నాడు. "బువ్వ తిని రాసుకోప్పా" అని గంగక్క విస్తరి వేసింది.

సోమవారం కృపాకుమారి రైలు దిగి ఎనిమిదీ పదికే ఫ్యాక్టరీలో అడుగుపెట్టింది. సూపర్‌వైజరు చేతిలో ఆమెను తీసేస్తున్న కాగితం, సంతకంతో సహా, సిద్ధంగా ఉంది. అతను గడియారం చూశాడు, ఆమెను చూశాడు, కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆమె మిషను ముందు కూర్చుని కాలర్ల కట్ట విప్పింది. ఆ రోజు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు.