తెల్లబట్టల క్యాండిడేటు

ఇంగ్లీషు చెప్పి బతికేవాణ్ణి. నోరు అదుపులో పెట్టుకోమని మా ఆవిడ రోజూ చెప్పి పంపేది. పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడ్డప్పుడైతే రెండుసార్లు చెప్పింది.

తొంభై అయిదులో మాట. మోపిదేవి దగ్గర ఓ ఊళ్లో సర్పంచి పదవి మొదటిసారి బీసీ మహిళకు రిజర్వయింది. పదిహేనేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న గోవర్ధనరావు గారు తన పాలేరు భార్యచేత నామినేషన్ వేయించి, ఇక ఏకగ్రీవమేననుకున్నారు. ఊరి బట్టలుతికే ఎల్లమ్మ కాలవ రేవుకు మెట్లు కట్టించమని ఆయన్ను పదేళ్లు అడిగింది. అడగడం మానేసి, ఎవరికీ చెప్పకుండా తానూ నామినేషన్ వేసింది.

ఉపసంహరణకు ఆఖరి రోజు, మూడింటికి గడువు. రెండున్నరకు ఆయన ఎల్లమ్మను వెంటబెట్టుకుని, ఎన్నికల అధికారీ నేనూ కూర్చున్న పంచాయతీ ఆఫీసుకొచ్చి, ఆమె ముందుకు కాగితం తోశారు.

"వేలిముద్ర వెయ్యి. లేదంటే రేపట్నుంచి పెద్ద బజార్లో ఒక్క గడపా నీకు బట్టలెయ్యదు."

ఎల్లమ్మ కాగితం వంక చూస్తూ నిలబడింది. ఆ బజార్లోని నలభై గడపలే ఆమె ఇంటిల్లిపాదికీ తిండి.

ఆయన నా వైపు తిరిగి నవ్వారు. "మాసిన గుడ్డల మూట మోసేది క్యాండిడేటట, మేష్టారూ. ఆ మాటకైనా ఓ మర్యాదుండొద్దా?"

నాకు ఒళ్లు మండింది.

"క్యాండిడేటన్నది లాటిన్ నుంచి వచ్చిన మాటండీ. తెల్లబట్టలు కట్టినవాడని అర్థం. పూర్వం రోములో పదవికి నిలబడేవాళ్లు బట్టకు సుద్ద రుద్దించి, తెల్లగా మెరిసేలా కట్టుకుని జనంలో తిరిగేవాళ్లు."

ఎన్నికల అధికారి నాకేసి గుడ్లురిమి చూశాడు. ఎల్లమ్మ తలెత్తింది.

"ఆ సుద్ద రుద్దిందెవరండీ?"

"బట్టలుతికేవాళ్లే."

"వాళ్లెవరూ నిలబళ్లేదా?"

"నేను చదివిన పుస్తకంలో లేదమ్మా," అన్నాను. చెప్పడానికి సిగ్గేసింది.

ఆమె గోవర్ధనరావు గారి చొక్కా కేసి చూసింది. నీలిమందు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా, మడత కూడా చెదరలేదు. అది ఎవరి చేతి పనో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆయన చూపు తిప్పుకున్నారు.

ఎల్లమ్మ కాగితం మడిచి ఆయన చేతిలోనే పెట్టింది.

"బట్టలెయ్యకండి బాబూ. నెత్తిన మూటుంటే దణ్ణం పెట్టడానికి చేతులాడవు. రేపట్నుంచి ఇంటింటికీ తిరిగి ఓటడగాలి గదా. ముందు మీ గడపకే వస్తాను."