బరువుకీ తలకీ మధ్య

“ఈ పిల్ల ఈయేల నోరిప్పుద్ది. రేపట్నించి మనల్ని పన్లోకి పిలవరు” అని పైడమ్మ పైకే అంది. కూతురు సుగుణ అప్పటికింకా పక్క మీంచి లేవనైనా లేదు.

నేను ఒక చుట్టకుదురును. బరువు మోసేవాళ్లు తల మీద పెట్టుకునే గుడ్డచుట్టను. పైడమ్మ తన పాత చీర మెలిపెట్టి, చుట్టి, కుట్టి నన్ను చేసింది. మెడ పట్టేశాక నన్ను కూతురికిచ్చి, తాను ఇసక జల్లించే పనికి మారింది. ఇస్తూ కూడా, జారిపడితే ఎవరు చూస్తారే అని కళ్లొత్తుకుంది.

మధ్యలో కొన్నాళ్లు పక్కింటి కుర్రాడు తవుడు నన్ను అడిగి పుచ్చుకున్నాడు. అదే తట్ట, అదే కాంక్రీటు, ఎక్కే చెక్కబల్లా అదే. సుగుణ తల మీద నలిగినట్టే అతని తల మీదా నలిగాను. సాయంత్రమైతే అతనికి మగకూలి, ఆమెకి ఆడకూలి. అతని తలలో ఎక్కువేముందా అని నేనూ వెతికాను. చెమటే తగిలింది.

ఆవేళ స్లాబు వేస్తున్నారు. స్లాబు సగంలో ఆపితే అతుకు దగ్గర నీళ్లు కారతాయి. అది తెలిసే సుగుణ సగం పడ్డాక తట్ట దించింది. మిగతా ఆడవాళ్లూ దించారు. మాకూ మగకూలే ఇయ్యాలి అంది సుగుణ. మేస్త్రి సింహాద్రి గిర్రున తిరుగుతూ కాంక్రీటు కలుపుతున్న మిల్లరు వంక చూసి, సరేనన్నాడు. పిల్లల మీద ఒట్టు కూడా వేశాడు. ఒట్టేశాక ఇంకేం కావాలనుకున్నారు ఈ పిచ్చివాళ్లు. చివరి తట్ట దాకా మోసి, స్లాబు ముగించి దిగారు.

సాయంత్రం ఆడవాళ్లందరికీ ఆ పాత ఆడకూలే పంచాడు. సుగుణ చెయ్యి చాపలేదు. తవుడూ మిగతా మగవాళ్లూ చెప్పులు వెతుక్కోవడంలో పడ్డారు. మేస్త్రి కోప్పడనైనా లేదు.

“రేపు పక్క వీధిలో ఇంకో స్లాబుంది. పాత కూలికి ఎవులొస్తారో ఇప్పుడే సెప్పీయండి. రానోళ్లని మరింక పిలవను.”

ఎవరూ పలకలేదు. సుగుణ నన్ను గుప్పిట్లో నలిపేస్తోంది. ఇలాగే ఇంకాసేపు ఊరుకుంటే చాలు, రేపు మోసేవాళ్లు లేక అతనే దిగొస్తాడు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఒకసారి మెడ తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. మిల్లరు కడిగేవాడు చేతిలో నీళ్లగొట్టం అలాగే కారనిచ్చి చూస్తున్నాడు.

సుగుణ వెనకనుంచి పైడమ్మ అంది:

“నానొస్తాను బాబూ. దీన్నీ ఒప్పించి తీసుకొస్తాను.”