తమ్ముడి ముఖం

కూర్మన్నపాలెంలో కంప్యూటరు చెప్పినట్టు కొయ్యని చెక్కే మిషను ముందుగా వచ్చింది మా షాపుకే. గుమ్మాలకి లక్ష్మీదేవులు, సోఫాలకి సింహం తలలు, ఏదడిగితే అది చెక్కేవాణ్ణి. పాడె మీదకి మనిషిని చెక్కమని మాత్రం ఎవరూ అడగలేదు, దేముడమ్మ వచ్చేదాకా.

సబ్బవరం దగ్గర వాళ్ల ఊరు. పెద్దకొడుకు శ్రీరామ్మూర్తి పోర్టులో ఓడల్ని లాగే టగ్గు మీంచి జారి సముద్రంలో పడ్డాడు. శవం దొరకలేదు. అలా పోయినవాళ్లకి గడ్డిబొమ్మ కట్టి దహనం చేస్తారు. ఆవిడ ససేమిరా అంది.

"గడ్డిబొమ్మకి మొకమేటుంటాది బాబూ? అది తనకేనని ఆడికెలా తెలుత్తాది?"

ఫోటోతో పనవ్వదు, మిషనుకి ముక్కు ఎత్తూ బుగ్గ లోతూ కావాలి. అన్నదమ్ములిద్దరూ అచ్చుగుద్దినట్టు ఉంటారన్నారు. సరే, చిన్నవాడు అశోక్‌ని కూర్చోబెట్టి ముఖం స్కాన్ చేశాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను.

మామిడి దుంగలోంచి ముందు ముక్కు, తర్వాత నుదురు, పెదాలు తేలుతుంటే నీళ్లలోంచి మనిషి లేస్తున్నట్టే ఉంది. అశోక్ గుమ్మం దాటి లోపలికి రాలేదు.

దేముడమ్మ ఆ ముఖాన్ని వేళ్లతో తడిమింది. ఎడమ కనుబొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. అశోక్ సైకిలు మీంచి పడ్డప్పటి మచ్చ! దిక్కుమాలిన మిషను దాన్నీ వదల్లేదు.

"ఇది పెద్దోడు కాదు, సిన్నోడు! బతికున్నోణ్ణి కాల్సమంటావేటి?"

కాల్చకపోతే పెద్దవాడు ఆ నీళ్లలోనే తిరుగుతాడని ఆవిడ భయం. కాలిస్తే చిన్నవాడి ముఖం. పైగా నిప్పు పెట్టాల్సింది అశోకే.

"ఆ మచ్చ తీసెయ్, వీర్రాజు బావా," అన్నాడు వాడే.

గరుకు కాగితంతో రుద్దాను. మచ్చ పోయింది. దేముడమ్మ ఒక్క క్షణం చూసి, "వచ్చేవా నాయినా!" అంటూ బొమ్మ మీద పడి ఏడ్చింది. గుమ్మంలో అశోక్ తన కనుబొమ్మ తడుముకుంటున్నాడు.

బొమ్మని కాల్చేశారు.

దసరాకి మిషనుకి పసుపు రాస్తుంటే అశోక్ వచ్చాడు. అమ్మ ఎలా ఉందని అడిగాను.

"డ్యూటీ దిగి ఇంటికెల్తే ముందు నా కనుబొమ్మ తడిమి సూత్తాది బావా."

"దెయ్యానివేమోననా?" అని నవ్వాను.

వాడు నవ్వలేదు.

"మచ్చ తగిల్తే ఏడుత్తాది. వచ్చింది నానేనని."